అడుగని మాట

గడచిన శ్రావణమున మా అత్తగారు ఐ.సి.యు.లో నుండిరి. మందులన్నియు నోటిద్వారానే ఇచ్చుచున్నను మెడవద్ద పెద్దనరములో నమర్చిన గొట్టమును మూడు దినములవఱకు తీయరైరి. “ఇది ఇంక అక్కరలేదమ్మా, డాక్టరుగారికి నేనెట్లా చెప్పేది?” అని నర్సు మాతో గొణిగెను. నాలుగవనాడు చలిజ్వరము వచ్చెను. గొట్టమే కారణమని నిశ్చయింపజాలము.

తరువాత మా యింటివారు అమెరికా వృత్తాంత మొకటి చదివి వినిపించిరి. జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు పీటర్ ప్రొనవోస్ట్ మొదలగువారు 2004లో మిచిగన్ రాష్ట్రమున నూఱింటికిపైగా ఐ.సి.యు.లలో అయిదు నియమములు నెలకొల్పిరట: చేతులు కడుగుట, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మశుద్ధి, రోగిని శుద్ధవస్త్రముతో నిండుగ కప్పుట, తొడమూలమున గొట్టము వేయకుండుట, అక్కర తీరినతోడనే తీయుట. గొట్టము లుంచిన వేయి దినములకు సగటున 7.7గా నుండిన రక్తపుటంటు ఏడాదిన్నరలో 1.4కు దిగెను.

ఇందు క్రొత్త యేమి? మడికట్టు మనకు చేతులు కడుగుట యొకరు నేర్పవలెనా! క్రొత్తది వేఱొకటి కలదు. నియమము తప్పిన వైద్యుని నిలుపు అధికారము నర్సుల కిచ్చిరి. గొట్టము తీయుమాట ప్రతిదినము అడుగవలెననిరి.

అత్తగారు కోలుకొని యింటికి వచ్చిరి. ఆ నర్సు మాట మేమైనను డాక్టరుగారితో ననియుండవచ్చును. పెద్దలయెదుట పెదవి కదపక పెరిగినవారము, అనమైతిమి.