గంగరాజు మాడుగులకు ఒక కెమేరా

"మాస్టారండీ, మా కొండల్లో వలిసెలు పూశాయి. ఒక్కసారి వచ్చి చూడండి. వచ్చేటప్పుడు కెమేరా కూడా తెండి" అని 2024 నవంబరులో నా పాత విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. కుర్రవాడిది జి.మాడుగుల. మూడేళ్ళు నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. ఇప్పుడు పాడేరు వైపు ఒక బడిలో పంతులు. రమ్మనడం వరకు బాగానే ఉంది. కెమేరా తెమ్మన్నాడే, అది నా దగ్గర ఉంటేగా!

"ఇంట్లో ముగ్గురికి మూడు ఫోన్లున్నాయి. వాటికి కళ్ళు లేవా?" అంది మా ఆవిడ.

ఉన్నాయి. కాని అంతకు ముందు రోజే డాబా మీద నిలబడి, ఎదురింటి వేపచెట్టు మీద వాలిన పిట్టను ఫోనుతో తీశాను. చెట్టు చక్కగా వచ్చింది. అందులో పిట్ట ఉందని మాత్రం ఇంటిల్లిపాదికీ నేను ప్రమాణం చేసి చెప్పవలసివచ్చింది. రెండు వేళ్ళతో తెర సాగదీస్తే, పిట్ట కాస్తా రంగు గళ్ళుగా విడిపోయింది. ఖరీదైన ఫోన్లలో దూరాన్ని దగ్గరకు తెచ్చే కటకాలు ఉన్నమాట నిజమే. మా ఇంట ఉన్నవి అంత ఖరీదైనవి కావు.

ఇక వారం రోజులు కెమేరాల శాస్త్రం చదివాను. ఎం.ఏ.లో అలంకారశాస్త్రానికి కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. పాఠకుల్లో నాబోటి సరదారాయుళ్ళు ఉంటే పనికి వస్తుందని, తెలుసుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను.

మొదటిది ఈ 'రెట్ల' సంగతి. పెట్టె మీద '30 ఎక్స్' అని పెద్ద అక్షరాలు ఉంటాయి. దూరపు వస్తువు ముప్పై రెట్లు దగ్గరవుతుందని మనం మురిసిపోతాం. అది పొరపాటు. ఆ కటకం పట్టగల అతి విశాలమైన చూపుకూ, అతి ఇరుకైన చూపుకూ మధ్య ఉన్న నిష్పత్తి అది. పాత ఫిలిం కెమేరాల కొలతలో చెబితే 24 మిల్లీమీటర్లతో మొదలై 720 దాకా సాగే కటకం ముప్పై రెట్లది. మామూలు కంటిచూపుకు 50 మిల్లీమీటర్లు దగ్గరగా ఉంటుందంటారు. 720ని 50తో భాగిస్తే పద్నాలుగు చిల్లర. అంటే నిజంగా దగ్గరయ్యేది పద్నాలుగు రెట్లే. అదీ తక్కువేం కాదు. 'డిజిటల్ జూమ్' అని పక్కన మరో పెద్ద అంకె వేస్తారు. దాన్ని చూడనట్టే ఊరుకోండి. నేను వేళ్ళతో తెర సాగదీసిన పనే అది.

రెండవది వెలుగు. ఇటువంటి కటకాలకు విశాలంగా ఉన్నప్పుడు రంధ్రం అంకె 3.3 ఉంటే, పూర్తిగా చాచినప్పుడు 6.4 అవుతుంది. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుందన్నమాట. లెక్క వేస్తే లోపలికి వచ్చే వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది. అంతే కాదు, 720 దగ్గర చెయ్యి వెంట్రుకవాసి వణికినా బొమ్మ చెదురుతుంది.

మూడవది, లోపల బొమ్మను పట్టే సెన్సారు. జేబులో పట్టే జూమ్ కెమేరాల్లో చాలావాటికి అది సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 వెడల్పు. కందిపప్పు బద్దంత! 'ఒక అంగుళం' రకం అని మరొకటి ఉంది. పేరే గాని అది అంగుళం ఉండదు. 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు. అయినా మొదటిదానికి నాలుగింతల విస్తీర్ణం గనక మసక వెలుగులో అదే మెరుగు.

కందిపప్పు బద్దంత సెన్సారు ఉంటే జూమ్ దూరం పోతుంది, సెన్సారు పెద్దదైతే జూమ్ తగ్గుతుంది. రెండూ కావాలంటే కెమేరా జేబులో పట్టదు. 2018లో వచ్చిన కెనాన్ ఎస్ఎక్స్ 740 నలభై రెట్లది. 960 దాకా వెళుతుంది. కాని కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. అదే ఏడు వచ్చిన పానసోనిక్ టీజెడ్ 200కు అంగుళం రకం సెన్సారు, వ్యూఫైండర్ రెండూ ఉన్నాయి. జూమ్ మాత్రం 360 తోనే ఆగిపోతుంది. మళ్ళీ అదే ఏడు నికాన్ వారి పి1000 వచ్చింది. 125 రెట్లు! 3000 దాకా! చంద్రుడి మీద గుంటలు లెక్కపెట్టవచ్చు. బరువు కిలో నాలుగు వందల గ్రాములు. దాన్ని మెడలో వేసుకుని కొండ ఎక్కే వయసు కాదు నాది.

ఇందులో మరో చిక్కు ఉంది. జపాను తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో పన్నెండు కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు కర్మాగారాలు దాటాయి. 2023లో ఎనభై లక్షలు కూడా లేవు. మిగతాదంతా ఫోన్లు మింగేశాయి. అందుచేత జేబు కెమేరాల్లో కొత్తవి రావడమే అపురూపం. 2025లో పానసోనిక్ వారు టీజెడ్ 99 అని ముప్పై రెట్లది తెచ్చారు గాని అందులో వ్యూఫైండర్ తీసేశారు. ఎండలో తెర మీద మన ముఖమే కనిపిస్తుందనీ, కంటికి ఆనించుకుంటే చెయ్యి కూడా నిలకడగా ఉంటుందనీ వారికి ఎవరు చెప్పాలి?

చివరికి విశాఖపట్నంలో ఒక కొట్టులో వాడిన కెమేరా కొన్నాను. ముప్పై రెట్లది, వ్యూఫైండర్ ఉన్నది. పేరు చెబితే ప్రకటన అవుతుంది. వాడిన సరుకు కొనేవారు కటకాన్ని పూర్తిగా చాచి, తెల్లగోడను ఒక ఫోటో తీసి చూడండి. లోపల దుమ్ము చేరితే మచ్చలు కనిపిస్తాయి. బ్యాటరీ ఉబ్బిందేమో తడిమి చూడండి.

అనకాపల్లిలో బస్సెక్కి చోడవరం మీదుగా మొదట చేరేది మాడుగుల. ఇది కింది మాడుగుల, హల్వా మాడుగుల. గోధుమపాలు, నెయ్యి వేసి చేసే ఆ హల్వా పొట్లం ఒకటి కట్టించుకున్నాను. కొండమీది మాడుగుల వేరు. జి. అంటే గంగరాజు. గంగరాజు మాడుగుల అన్నమాట. కింద నుంచి ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర బస్సు నెమ్మదిస్తే అందరూ దణ్ణం పెట్టుకున్నారు. పాడేరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. 2022లో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త జిల్లా ఏర్పడ్డాక అదే జిల్లా కేంద్రం. అక్కడినుంచి జీపులో జి.మాడుగుల చేరేసరికి పొద్దు వాలింది. చలి చెవులు పట్టుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే పొలాల మీదికి వెళ్ళాం. మంచు తెర తొలగుతుంటే కొండవాలు పొడుగునా పచ్చగా వలిసెపూలు, పసుపు ఆరబోసినట్టు. సిల్వరోక్ చెట్ల నీడన కాఫీ తోటలు. ఆ చెట్లకే అల్లుకుని మిరియపు తీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, ఆ కాఫీ పండేది ఈ కొండల్లోనే. ఒక తీగ చివర పికిలిపిట్ట వాలింది. నెత్తిన కుచ్చు, చెంప మీద ఎర్రటి బొట్టు. మోచేతులు పక్కలకు అదిమి, వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాను. ఈసారి ప్రమాణం అక్కర్లేకుండా పిట్ట వచ్చింది. చెంప మీది బొట్టుతో సహా!

ఈ కొండల పిట్టలకు ఒక గొప్ప ఉంది. ఇక్కడ దొరికే ఒక పొదపిట్ట ఉపజాతికి, విశాఖపట్నానికి చెందిన పక్షుల పరిశోధకుడు కృష్ణరాజు గారి పేరు 1985లో పెట్టారు.

పిట్ట చిక్కిన ఉత్సాహంతో సంతకు పోయాం. అల్లం, పసుపు, పిప్పలమోడి, రాజ్‌మా గింజలు, అడ్డాకుల కట్టలు. కింద నుంచి వచ్చిన షావుకార్ల తక్కెళ్ళు. నేను ఒక చింతచెట్టు పక్కన నిలబడి కటకం చాచాను. నలభై అడుగుల అవతల గోనె పరుచుకుని అల్లం అమ్ముతున్న ఒక ముసలమ్మ ముఖం తెర నిండా వచ్చింది. ముడతలు, ముక్కున మూడు పోగులు, సగం మూసిన కళ్ళు. ఆమెకు తెలియదు. అందుకే సహజంగా ఉందనుకుని వరసగా పది తీశాను.

మావాడు తెరలోకి తొంగిచూసి ఒక్క క్షణం మాట్లాడలేదు. తరవాత, "ఈవిడ మా అమ్మమ్మేనండి" అన్నాడు.

నాకు ఒళ్ళు చచ్చిపోయింది. పిట్టకు చేసిన పనే మనిషికీ చేశానే అనిపించింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి గార్లు దక్షిణదేశపు కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు వేశారు. వాటిలో ఫోటోలున్నాయి. చాలా బొమ్మల కింద తెగ పేరు ఉంటుంది గాని మనిషి పేరు ఉండదు. ఏటా క్లాసులో ఆ సంగతి చెప్పి, "చూశారా!" అని మందలించే మనిషిని నేను.

ఇద్దరం ఆమె దగ్గరకు వెళ్ళాం. మనవడు నన్ను చూపించి ఏదో చెప్పాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, సెట్టు సాటునించి పిట్టని సూసినట్టు సూత్తన్నావు? నానేటి ఎగిరిపోతానా? ఇటొచ్చి కూకో" అంది.

ఆమె అంతకుముందే చూసిందన్నమాట! నేను గోనె అంచున కూచున్నాను. పది బొమ్మలూ ఆమెకు చూపించి, చెరిపేయమంటే చెరిపేస్తానన్నాను. చూసి నవ్వింది. "ఇయ్యేటి, నిద్దరోతన్నట్టున్నాను. తీసేయి. రేపు పొద్దున్న ఇంటికి రా. మంచి కోక కట్టుకుంటాను" అంది. అక్కడికక్కడే చెరిపేశాను.

దారిలో మావాడు అసలు సంగతి బయటపెట్టాడు. "మా తాత పోయాక వెతికితే ఒక్క ఫోటో కూడా దొరకలేదండి. అమ్మమ్మకు ఆధార్ కార్డు మీద బొమ్మే ఉంది. అందులో ఆవిడ ఆవిడలా లేదు. ఫోనుతో తీద్దామంటే తలుపు చాటుకు పోతుంది. మీరు పెద్దవారు, మాస్టారు, మీరైతే కాదనదనుకున్నాను. కెమేరా తెమ్మన్నది అందుకేనండి."

వలిసెపూలు నాకు, ఫోటో అతనికి. ఆ ముక్క ఫోనులోనే చెబితే మొహమాటపడతానని చెప్పలేదట.

మర్నాడు ఉదయం వాళ్ళింటికి వెళ్ళాం. బయట చలి, లోపల పొయ్యి మండుతోంది. గడప దాటగానే కటకం మీద ఆవిరి పట్టి కళ్ళజోడు మసకేసినట్టయింది. చల్లని కెమేరాను వెచ్చని గదిలోకి తెస్తే అంతే. గుడ్డ పెట్టి తుడవకూడదు, వేడికి తనంతట తనే ఆరాలి. ఆరేదాకా పీట మీద కూచుని చోడి అంబలి తాగాను. ఆవిడ హల్వా రుచి చూసి, "కింది మాడుగులోళ్ళకి నెయ్యి ఎక్కువైపోనాది" అంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజు చెప్పింది. పోయిన పిల్లల పేర్లు చెప్పింది. మనవడు అవి మొదటిసారి వింటున్నాడని అతని ముఖమే చెప్పింది.

ఆవిరి ఆరింది. లోపల చీకటి. ఆ చీకటిలో నా ముప్పై రెట్లు ఎందుకూ కొరగావు. సెన్సారు సున్నితత్వాన్ని పెంచితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది. కటకాన్ని పూర్తిగా లోపలికి ముడిచాను. వెలుగు ఎక్కువగా వచ్చేది అప్పుడేగా! ఆమెను తలుపు వారకు జరిగి కూచోమన్నాను. పక్కనుంచి మెత్తని వెలుగు చెంప మీద పడింది. మరీ దగ్గరగా పోతే 24 దగ్గర ముక్కు పెద్దదయి ముఖం వంకరపోతుంది. అందుకని కటకాన్ని కాస్త 50 దాకా చాచి, నాలుగడుగుల దూరంలో నేల మీద గొంతుకూర్చున్నాను.

"నవ్వమంటావేటి?" అంది.

"మీ ఇష్టం అమ్మా."

ఆవిడ నవ్వలేదు. మనవడి వైపు చూసింది. అప్పుడు నొక్కాను. ఒక్కటే తీశాను.

ఊరికి వచ్చాక దాన్ని మంచి కాగితం మీద రెండు ప్రతులు అచ్చువేయించాను. వెనకవైపు ఆమె పేరు, ఊరు, తేదీ రాశాను. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళింటి సొత్తు. ఒక ప్రతి మావాడు చట్టం కట్టించి గోడకు పెట్టాడట. రెండోది ఆవిడే తీసుకుని, పోడు భూమి పట్టా ఉన్న రేకుపెట్టెలో దాచుకుందట.

కెమేరా కొనబోయేవారు ఇప్పటికీ నన్ను సలహా అడుగుతుంటారు. పిట్టల కోసమైతే జూమ్ చూడండి, ఇంట్లోని మనుషుల కోసమైతే పెద్ద సెన్సారు చూడండి, రెండూ కావాలంటే నాలాగా ముప్పై రెట్లతో సరిపెట్టుకుని తలుపు దగ్గర వెలుగు వెతుక్కోండి అని చెబుతుంటాను. కొనేముందు మరో సంగతి కూడా అడుగుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటో ఉందా? లేకపోతే కెమేరా వచ్చేదాకా ఆగవద్దు, ఫోనుతోనైనా సరే ఇవాళే తీయండి.

సంగతంతా విని మా ఆవిడ, "అంత దూరం చూసే కెమేరా కొని, చివరికి నాలుగడుగుల దూరం నుంచే తీశారా?" అంది.

"తీశాను" అన్నాను.

"అయితే మా అమ్మ ఫోటో కూడా ఒకటి తియ్యండి" అంది. వచ్చే ఆదివారం అత్తవారింటికి ప్రయాణం.