తోక అందని చోట

సోన్‌ప్రయాగ్ దాటి మన బండిని పోనివ్వరు. అక్కడి నుంచి గౌరీకుండ్ దాకా ఐదు కిలోమీటర్లు స్థానిక జీపుల్లో కిక్కిరిసి వెళ్లాల్సిందే. జూన్ నెల. ఒక జల్లు కురిసి వెలిసింది. జీపు దిగగానే తడి కంబళ్లు, గుర్రపు లద్దె, కాగుతున్న నూనె, అన్నీ కలిసిన వాసన. దానితోపాటు ఈగలు. కేదారనాథ్‌కు ఇక్కడి నుంచి సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడు దారి. నడవలేనివాళ్లకు డోలీ, వీపు బుట్ట, గుర్రం. గుర్రమని పేరే గానీ వాటిలో చాలావరకు కంచర గాడిదలు.

మోకాళ్ల నొప్పుల మా పెద్దమ్మకు దొరికింది మాత్రం అచ్చమైన గుర్రమే, జేగురు రంగుది. తీసుకొచ్చిన కుర్రాడు ఉత్తరప్రదేశ్ మైదానాల నుంచి సీజనుకు వచ్చినవాడు. పెద్దమ్మ ఎక్కబోతూ ఆగిపోయింది. జీను అంచు కింద ఈగలు ముసురుతున్నాయి.

“ఆ గుడ్డ ఎత్తమనరా,” అంది.

కుర్రాడు నసుగుతూనే ఎత్తాడు. మెడా వీపూ కలిసే మూపు మీద వెంట్రుకలు ఊడి, అరచేతి మేర పచ్చిపుండు. చుట్టూ నల్లటి జిడ్డు. ఈగలు వాలకుండా వాడేసిన ఇంజన్ ఆయిలు పూశాడట. “చాల్లే, నేనెక్కను. ముందు దానికి మందు వేయించమను,” అని పెద్దమ్మ అక్కడే అరుగు మీద కూర్చుంది.

దగ్గర్లోనే పశువైద్య శిబిరం ఉంది. మేం డోలీ మాట్లాడుకునేలోగా డాక్టరుగారు పని మొదలుపెట్టారు. కుర్రాణ్ణి గుర్రం ముందు కాకుండా పక్కన నిలబెట్టి కళ్లెం పట్టించారు. పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించారు. ఇంజన్ ఆయిలు చర్మాన్ని కాలుస్తుందని, ఒంట్లోకి ఇంకితే విషమని చెబుతూ చుట్టూ ఉన్న జిడ్డంతా తుడిపించారు. కడగడానికి వాడింది ఉప్పునీళ్లే. మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు. నురగలు పొంగే పెరాక్సైడు రోజూ పోస్తే కొత్తగా పుట్టే కండ కూడా చచ్చిపోతుందట. తర్వాత పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన అయోడిన్ మందు. పుండు అంచున ఒకచోట పురుగు కనిపిస్తే టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డ కాసేపు అదిమి, బయటికొచ్చినవాటిని పట్టకారుతో ఏరారు. ఈగ గుడ్డు పెడితే ఒక్క రోజులోపే పురుగవుతుంది మరి. చివరగా ధనుర్వాతం సూది. ఆ జబ్బుకు గుర్రమంత తేలిగ్గా లొంగే జంతువు అరుదు.

“కట్టు కట్టరా?” అని అడిగాను.

“మూపు మీద కట్టు నిలవదండీ. గాలికి వదిలేయాలి. ఈగల మందు పుండులో కాదు, చుట్టూ రాయాలి. రసి కారే దారిలో వాజలీన్ రాస్తే కింది చర్మం ఒరుసుకుపోదు.”

అప్పుడే ఆ గుర్రాన్ని పరీక్షగా చూశాను. తోక డొక్కల దాకా విసురుతుంది. తల విదిల్చి భుజం మీద ఈగల్ని తోలుకుంటుంది. మూపుకు రెండూ అందవు. అక్కడ చర్మాన్ని జలదరించి ఈగను లేపుతుంది. లేచిన ఈగ మళ్లీ అక్కడే వాలుతుంది. సరిగ్గా ఆ చోటే జీను ఒరిపిడి ఎక్కువ.

మందులన్నీ చెప్పాక డాక్టరుగారు అసలు మందు చెప్పారు. పుండు మానేదాకా జీను వేయకూడదు. కట్టేసే చోట లద్దె ఏ రోజుకారోజు ఎత్తి దూరంగా పోయాలి. వెచ్చటి రోజుల్లో వారం పది రోజుల్లోనే ఆ లద్దెలోంచి కొత్త ఈగల తరం లేస్తుంది. కుర్రాడు తలూపాడు గానీ ముఖం వాడిపోయింది. గుర్రం అతనిది కాదు. యజమానికి రోజూ ఇంతని కట్టాలి. గుడి తెరిచి ఉండే ఆర్నెల్లే సంపాదన. ఉప్పునీళ్లకు ఖర్చు లేదు, సెలవుకే ఉంది. పెద్దమ్మ కొంగుముడి విప్పి గుర్రం కోసం మాట్లాడుకున్న డబ్బు అతని చేతిలో పెట్టింది. ఒక రోజు సెలవు దానితో దొరుకుతుంది. మిగతా రోజుల సంగతి ఆ యజమాని చేతిలో ఉంది.

డోలీ ముందు, నేను వెనక. జంగిల్ చట్టీ, భీంబలీ దాటాం. 2013 వరదకు రాంబాడా ఊరు తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు దారి అక్కడే మందాకిని దాటి అవతలి గట్టున ఎక్కుతుంది. లించోలీ చేరేసరికి చలి పట్టుకుంది, ఈగలు పూర్తిగా మాయం. కానీ ఎదురొచ్చే గుర్రాల మూపులు ఇక్కడా ఒరుసుకుపోయే ఉన్నాయి. ఈగ లేకపోతే పుండు ఎవరి కంటా పడదు, అంతే. 3,583 మీటర్ల ఎత్తున స్వామి దర్శనం సాయంత్రం హారతి వేళ దొరికింది.

దిగి వచ్చిన రోజు గౌరీకుండ్‌లో రాజమండ్రి వైపు వాళ్లు గుర్రాలు బేరమాడుతున్నారు. పెద్దమ్మ ఊరుకుంటుందా! “బేరం తర్వాత అమ్మా, ముందు జీను దింపించండి. గుడ్డ తడిగా ఉందా చూడండి. మూపు మీద, పొట్ట పటకా కింద చెయ్యి పెడితే ఉలిక్కిపడుతుందా చూడండి,” అంది. వాళ్లు మొదటి గుర్రాన్ని వద్దన్నారు. రెండోదాన్నీ వద్దన్నారు. మూడోదాని వీపు నున్నగా ఉంది. దాన్ని తెచ్చినవాడు పది రూపాయలు కూడా తగ్గలేదు, వాళ్లూ అడగలేదు.