సీసాలో తొలకరి

మావాడు స్నానం చేసొచ్చాడని మాకు పక్కింటాయన తుమ్మితే తెలుస్తుంది. ఇంటర్ రెండో ఏడు. బాడీ స్ప్రేని దోమల మందులా గది నాలుగు మూలలా కొట్టి, ఆ మబ్బులోంచి నడిచొస్తాడు. తప్పు వాడిదనలేను. 1983లో ఫ్రాన్సులో యాక్స్ పుట్టింది మొదలు మగాళ్లకి చెబుతున్న కథ ఒకటే: నువ్వు ఒక్క నొక్కు నొక్కు, మిగతాది అమ్మాయిలు చూసుకుంటారు! చాక్లెట్ వాసనా వచ్చింది. 2008లో అమెరికాలో బర్గర్ కింగ్ వాళ్లయితే కాల్చిన మాంసం వాసనతో 'ఫ్లేమ్' అని స్ప్రే తెచ్చి 3.99 డాలర్లకి అమ్మారు. దానికి వెంటపడేది అమ్మాయిలో, వీధికుక్కలో! ఇక మన ఫాగ్ వచ్చి 'మాదాంట్లో గ్యాస్ లేదు' అన్నాకగానీ, అన్నాళ్లూ గాలికి డబ్బులు పోశామని నాకు వెలగలేదు.

మొన్న ఆదివారం వాణ్ణి చార్మినార్ తీసుకెళ్లా. లాడ్ బజార్ గాజుల తళతళలు దాటాక ఓ అత్తరు కొట్టు. గోడ నిండా సీసాలు... ఖస్, హీనా, షమామా, ఊద్. పెద్దాయన గాజు పుల్లతో మణికట్టు మీద చిన్న గీత గీస్తాడు. రుద్దబోతే ఒప్పుకోడు, ఆగమంటాడు. ఆగడం మావాడికి కొత్త.

"మగాళ్లది ఏది?" అన్నాడు వాడు.

"వాసనకి మీసాలుంటాయా బేటా?" అని నవ్వి, అడుగు అర నుంచి ఓ సీసా తీశాడు. మిట్టీ అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో చేస్తారట. కాల్చిన మట్టి పెంకుల్ని రాగి డేగిసాలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు. మూత తియ్యగానే తొలి చినుకు పడ్డ చేను! మావాడు కూడా ఫోను జేబులో పెట్టేశాడు.

చిన్న సీసా కొన్నా. ధర ఇంట్లో చెప్పలేదు.

నాన్నకోసం. ఊళ్లో మూడెకరాలు అమ్మి మా దగ్గరికొచ్చి రెండేళ్లు. వానొచ్చిన రోజు బాల్కనీలో కూర్చుని కింద సిమెంటు రోడ్డు చూస్తుంటాడు.

విషయం చెబితే, "మన్ను కొనుక్కొచ్చావురా?" అని తెగ నవ్వాడు. తర్వాత సీసా ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"బాగానే ఉంది. కానీ ఇది మన మన్ను కాదురా. మనది నల్లరేగడి."

మూత బిగించాడు. సీసా మాత్రం తిరిగివ్వలేదు.