మానని పుండు

మా నాన్నమ్మకు ఎడమ మోకాలి కింద అరచెయ్యంత మచ్చ ఉండేది. పెళ్లి కాకముందు, కొండ మీద పోడు కాల్చిన రోజున గాలి తిరిగి మంట ఆమె మీదికి వచ్చిందట. ఏదో ఆకుపసరు కట్టారు, మానింది. మానిన చోట చర్మం పలచగా, మెరుస్తూ, ముడతలు పడి ఉండేది. చిన్నప్పుడు దాన్ని వేలితో తడుముతూ నిద్రపోయేవాణ్ని.

యాభై ఏళ్లు దాటాక అనాస తోటలో కలుపు తీస్తుంటే ఆకు అంచు గీరుకుని ఆ మచ్చ చిట్లింది. మా సీతంపేట కొండల్లో అనాస గీరని కాలు ఉండదు. ఎవరం పట్టించుకోలేదు.

అప్పటికి నేను ఆశ్రమ పాఠశాలలో మాస్టర్ని. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే. హాస్టల్ పిల్లలకు తామర వస్తే మందుల షాపులో అడిగి తెచ్చే ట్యూబు ఒకటి ఉండేది. నాన్నమ్మకూ అదే తెచ్చాను. రాస్తే ఎరుపు తగ్గేది. నెల తిరిగేసరికి మళ్లీ రసి కారేది, మళ్లీ ట్యూబు తెచ్చేవాణ్ని. అలా మూడేళ్లు గడిచాయి.

"ఇది మానే పుండు కాదురా" అని ఆమె ఎన్నిసార్లో అంది.

"నువ్వు రోజూ రాయడం లేదు" అని నేను కసిరేవాణ్ని.

వాసన మొదలయ్యాక ఊళ్లో కొందరు కుష్టు అన్నారు. కుష్టు మచ్చకు స్పర్శ ఉండదనీ, దానికి ప్రభుత్వమే ఉచితంగా మందులిస్తుందనీ పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని నేనే. పుండు తాకితే నాన్నమ్మ విలవిల్లాడేది. అయినా ఎవరూ చెప్పకుండానే ఆమె తన గిన్నె, చాప వేరు చేసుకుంది. అది చూశాక కదిలాను.

పట్నంలో చర్మవ్యాధుల డాక్టరమ్మ కాలిని స్టూలు మీద పెట్టించుకుంది. పుండు అంచు గట్టిగా, పైకి లేచి ఉంది. చేతికి తొడుగు వేసుకుని ఆ అంచునంతా నొక్కి చూసింది. గజ్జల్లో బిళ్లలున్నాయేమో వెతికింది. తర్వాత పుండు సంగతి కాదు, మచ్చ సంగతి అడిగింది. "ఈ మచ్చ ఎన్నాళ్లది?" మూడేళ్లలో నేను అడగని ప్రశ్న అది.

ట్యూబు చూపించాను. "ఇందులో స్టెరాయిడ్ ఉంది. పైకి తగ్గినట్టు కనిపిస్తుంది. పిల్లల తామరకు కూడా ఇది రాయకండి" అంది. తిమ్మిరి సూది వేసి, అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

మళ్లీ వెళ్లినప్పుడు చర్మ క్యాన్సర్ అని చెప్పింది. మన నల్లచర్మం ఎండను కొంత ఆపుతుంది కాబట్టి తెల్లవాళ్లకు వచ్చినంతగా మనకు రాదట. అందుకే ఎవరూ అనుమానించరు. మనలో అది పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో, కొన్నిసార్లు అరికాలిలో నల్లమచ్చగా దాక్కుని వస్తుంది. మచ్చల మీద లేచే ఇలాంటి పుండ్ల గురించి ఫ్రాన్సు సర్జన్ మార్జొలిన్ 1828లో రాశాడు. వాటికి ఇప్పటికీ ఆయన పేరే.

నాన్నమ్మకు తెలుగు అంతంతమాత్రం. క్యాన్సర్ అంటే సవరలో ఏమని చెప్పాలో నాకు తోచలేదు. చివరికి "దానంతట అది మానని పుండు" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "మూడేళ్లుగా నేను చెబుతున్నది అదే కదా" అంది.

డాక్టరమ్మ ఏమందని అడిగింది. నేను తెలుగులో చెప్పలేకపోయాను.

ఎముక దాకా పోలేదు కాబట్టి కాలు దక్కింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ జరిగింది. పుండుతో పాటు చుట్టూ మంచి కండ కూడా కొంత కోసి, తొడ మీది చర్మం తీసి అతికారు. ఆమె ఇప్పుడు కొండెక్కలేదు. పెరట్లో పసుపు మడి దాకా నడుస్తుంది. మూడు నెలలకోసారి వెళ్లి చూపించుకోవాలి.

మొన్న అలా వెళ్తూ బస్సులో నేను మోచెయ్యి గోక్కుంటున్నాను. దోమకాటే. నాన్నమ్మ నా చెయ్యి లాక్కుని, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసి అడిగింది.

"ఎన్నాళ్లదిరా ఇది?"