తెల్లబడ్డ ప్లగ్గు

కార్బ్యురేటర్ బండి జబ్బును దాచుకోలేదు. పెట్రోల్ ఎక్కువైతే నల్లపొగ, తక్కువైతే దగ్గు. మెకానిక్ చెవి పెట్టి విని, స్క్రూ అర చుట్టు తిప్పేవాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో ఆ స్క్రూ దాదాపు మాయమైంది. ఇప్పుడు పెట్రోల్ ఎంత కావాలో ఈసీయూ లెక్కకడుతుంది, ఇంజెక్టర్ కొన్ని మిల్లీసెకన్లు తెరుచుకుని మూసుకుంటుంది.

నా బండి 2021ది, గాలితో చల్లబడే ఇంజన్. తార్నాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాళ్లకి సెగ కొట్టడం మామూలే అనుకోవచ్చు, నిలబడితే గాలి తగలదు కదా. కానీ క్యాంపస్ ఖాళీ రోడ్డు మీద పోతున్నా ఆ సెగ తగ్గలేదు. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే డబ్బాలో గులకరాళ్లు ఊపిన చప్పుడు. మీటర్‌లో లైటు మాత్రం వెలగలేదు. ఒక సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి ఎర్రర్ ఏమీ లేదన్నారు. ఎర్రర్ లేకపోతే జబ్బు లేనట్టే అని వాళ్ల లెక్క.

ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌ని చాలామంది ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే అంటారు. రాళ్లు కొట్టి బతికినవాళ్ల పేరు అది. అక్కడ నేను వెళ్లిన షెడ్డులో స్కానర్ లేదు. మెకానిక్ అన్న ముందు ఆయిల్ చూశాడు. సిలిండర్ రెక్కల మధ్య మట్టి పేరుకుందేమో చూశాడు. వెనక చక్రం చేత్తో తిప్పి బ్రేక్ పట్టేయడం లేదని తేల్చుకున్నాడు. తర్వాత ప్లగ్గు విప్పాడు.

"సూడు తమ్మీ, సున్నం కొట్టినట్టుంది."

లేత గోధుమ రంగులో ఉండాల్సిన పింగాణీ తెల్లగా పాలిపోయింది. పెట్రోల్ ఒక పాలుకి, బరువులో, గాలి 14.7 పాళ్లు ఉండాలి. పెట్రోల్ తగ్గితే మంట నెమ్మదిగా సాగి సిలిండర్ కాగుతుంది. ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ ఇచ్చే కాస్త చల్లదనం కూడా పోతుంది. ఇథనాల్‌కి గాలి ఇంకా తక్కువ చాలు, దాదాపు 9 పాళ్లు. అందుకే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ మీద నాకు అనుమానం. అన్న ఒప్పుకోలేదు. "పెట్రోల్ ఒక్కటే అయితే అన్ని బండ్లు నా కాడికే రావాలె గదా."

ఇంజన్ నడుస్తుండగా గాలి లోపలికి పోయే రబ్బరు గొట్టం చుట్టూ స్ప్రే కొట్టాడు. చప్పుడు మారలేదు, అంటే గాలి లీకు లేదు. అప్పుడు పంపు కనెక్షన్ తీసేసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపాడు. పైపులో ప్రెషర్ పోవాలి, లేకపోతే వేడి ఇంజన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. ఇంజెక్టర్ ఊడదీసి, దానికి క్లీనర్ డబ్బా గొట్టం బిగించి, రెండు తీగలు బ్యాటరీకి తాకించి తీశాడు, తాకించి తీశాడు. అట్లే పట్టుకుంటే కాయిల్ కాలిపోతుందట. పొగమంచులా విచ్చుకోవాల్సిన ధార ఒక పక్కకి దారంలా పడింది. చాలాసేపటికి విచ్చుకుంది. కొత్త ఓ-రింగులు వేశాడు, ట్యాంకులో పంపు జల్లెడ కూడా కడిగాడు. అది వదిలేస్తే అదే కచరా మళ్లీ ఇంజెక్టర్‌కే వస్తుంది.

మరి లైటు ఎందుకు వెలగలేదు? ఈసీయూకి తెలిసేది ఇంజెక్టర్ తీగలో కరెంటు పోతోందా లేదా అన్నదే. ముక్కులో చెత్త దానికి కనపడదు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ తేడా చెబితే కొంతవరకు సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు చాలా బండ్లలో ఆ సర్దుబాటు ఆగిపోతుంది, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం నడుస్తుంది. సరిగ్గా అక్కడే నా సిలిండర్ కాగుతోంది.

దీన్ని మిషన్ మీద చెయ్యి గెలిచిన కథగా చెప్పడం సులువు, కానీ నిజం కాదు. సెన్సర్ పోయిన బండి వస్తే అన్న వెనక్కి పంపేస్తాడు. కంపెనీకో కేబుల్, కంపెనీకో సాఫ్ట్‌వేర్. 2022లో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టింది, వాహనాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కానీ పోర్టల్‌లో ఉన్న సమాచారం ఈ షెడ్డు దాకా, ఈ భాషలో, రావాలి కదా. పక్క క్యాంపస్‌లో 1929లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. గాలి, పెట్రోల్ లెక్క అక్కడ బోర్డు మీద ఉంటుంది, ఇక్కడ ప్లగ్గు రంగులో ఉంటుంది. రెండిటి మధ్య నడిచిపోయేంత దూరమే.

డబ్బులిస్తూ ఆ మాటే అన్నాను. అన్న చేతులు తుడుచుకుంటూ, "కేబుల్‌దేముంది తమ్మీ, అప్పు జేసైనా కొంటా. దాన్ని సదువుడు ఎవరు నేర్పిస్తరు?" అన్నాడు.