ఆదివారం అబ్బాయి

పిల్లల్ని హాస్టల్లో పెట్టే తల్లులంటే నాకు ఒకప్పుడు చాలా చిన్నచూపు. కన్నపిల్లలకి నాలుగు మెతుకులు వండి పెట్టడానికి బద్ధకమేమో అనుకునేదాన్ని. అంత మాట అనుకోవడానికి నాకున్న అర్హతల్లా మావాడు డే స్కాలర్ కావడమే.

అప్పట్లో మేం బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. కాలనీలో ఉండేవాళ్లం. సోవియట్ దేశం సాయంతో కట్టిన మందుల కర్మాగారం అది. మావారు అందులో కెమిస్టు. ఇంటికొచ్చి స్నానం చేసినా ఆయన దగ్గర మందుల వాసన పోయేది కాదు. ఆ కర్మాగారం మూతపడి ఏళ్లు గడిచిపోయాయి గానీ, పాత బీరువా తెరిస్తే ఆ వాసన ఇప్పటికీ తగిలినట్టే ఉంటుంది నాకు. మావాణ్ణి బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చేర్పించాం. ఫీజు సంగతి అడక్కండి. ఆ ఏడాది నా గాజులు రెండు బ్యాంకు మెట్లెక్కి వచ్చాయి.

పేరుకి పబ్లిక్కే గానీ, మొదట్లో పబ్లిక్కుకి అందులో చోటు లేదట. 1923లో, ఏడో నిజాం కాలంలో, జాగీర్దార్ల కొడుకుల కోసం ఇంగ్లండులోని ఈటన్ బడి మాదిరిగా పెట్టారు దాన్ని. అప్పటి పేరే జాగీర్దార్స్ కాలేజి. 1949లో జాగీర్దారీ రద్దయింది. జాగీర్లే పోయాక ఇక జాగీర్దార్ల బడి ఎవరికి? 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. అలా నవాబుల పిల్లలు నడిచిన గుమ్మంలోంచే మా కెమిస్టుగారబ్బాయీ లోపలికి వెళ్లాడు. మా అమ్మాయికి మాత్రం ఆ యోగం లేకపోయింది. ఆడపిల్లల్ని చేర్చుకోవడం 1988లో గాని మొదలవలేదు. “అన్నయ్యకి గాజులు తాకట్టు, నాకేమో కాలనీ బడి” అని అది ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

మావాడి చదువుతో నాకూ చదువు మొదలైంది. పొద్దున్నే బూట్లకి పాలిష్, చొక్కాకి ఇస్త్రీ, టిఫిన్ డబ్బాలో ఇడ్లీ. సాయంత్రం వాడు ఇంగ్లీషులో పద్యాలు వల్లిస్తుంటే తప్పో ఒప్పో తెలియక తలూపడం. ఒకరోజు పరిగెత్తుకుంటూ వచ్చి, “అమ్మా, నలంద గెలిచింది!” అన్నాడు. ఎప్పుడో పాడుబడ్డ విశ్వవిద్యాలయం ఇప్పుడేం గెలిచిందిరా అని నేను నోరు తెరిచాను. పిల్లల్ని హౌసులుగా విడదీసి ఆటలాడిస్తారట. అందులో నలంద ఒకటట.

వాడు రెండో తరగతిలో ఉండగా ఇంకో అబ్బాయి మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మావాడి తరగతే, కాకపోతే హాస్టలు పిల్లవాడు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర గోండుగూడెం. ప్రభుత్వం ఖర్చు మీద గిరిజన ప్రాంతాల పిల్లలు కొందరు ఆ బడిలో చదువుకునేవారు. అదే బడిలో చదివిన సత్య నాదెళ్ల 2017లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. పెద్దింటి బిడ్డలూ, మారుమూల జిల్లాల నుంచి వచ్చిన గిరిజన పిల్లలూ కలిసి చదివారని. అది చదివినప్పటి నుంచీ ఈ అబ్బాయి నా కళ్లలో మెదులుతూనే ఉన్నాడు. మావారి స్నేహితుడి అన్నగారు ఉట్నూరులో ఉద్యోగం చేసేవారు. “ఊళ్లో వాడికి తెలిసినవాళ్లెవరూ లేరు, సెలవిచ్చిన ఆదివారం మీ ఇంటికి తీసుకురండి” అన్నారు. సరేనన్నాం. నేనైతే పొంగిపోయాను కూడా. తల్లికి దూరంగా ఉన్న బిడ్డకి అన్నం పెట్టడమంటే మాటలా!

మొదటి ఆదివారం వాడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, “ఏర్” అన్నాడు. నాకర్థం కాలేదు. మళ్లీ “ఏర్” అని బిందె వైపు చూపించాడు. నేను పకపకా నవ్వేశాను. “ఏరు మీ ఊళ్లో ఉంటుంది నాయనా. బిందెలో ఉండేవి నీళ్లు. ఏదీ, అను, నీళ్లు!” వాడు అన్నాడు. మావాడూ, అమ్మాయీ కూడా నవ్వారు. ఆ రోజంతా మా ఇంట్లో “ఏరు కావాలా” అనడమే వేళాకోళం అయిపోయింది.

ఇంక నేను ఊరుకుంటానా? ఆదివారం వచ్చిందంటే వాడికి తలంటి, పప్పన్నం పెట్టి, పెద్దబాలశిక్ష తీసి కూర్చునేదాన్ని. ఏ మాట తప్పినా దిద్దేదాన్ని. వాడు చురుకైనవాడు, ఇట్టే పట్టేసేవాడు. నాలుగో తరగతికి వచ్చేసరికి తెలుగులో మావాడికంటే వాడికే ఎక్కువ మార్కులు. ఆ ఘనతంతా నాదేనని కాలనీలో చెప్పని గడప లేదు. “వాడికి నేను రెండో తల్లిని” అనేదాన్ని. మావారు పేపర్లోంచి తలెత్తకుండా, “మొదటావిణ్ణి అడిగావా?” అన్నారోసారి. నేను పట్టించుకోలేదు.

1982 చలికాలంలో ఆ మొదటావిడ రానే వచ్చింది. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, పగలంతా బస్సులో కూర్చుని సాయంత్రానికి గౌలిగూడలో దిగి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చిన్న మూటలో ఎండబెట్టిన ఇప్పపువ్వు తెచ్చింది. మర్నాడు ఆదివారం. పొద్దున్నే పిల్లవాణ్ణి తీసుకొచ్చాం. తెలుగు వచ్చిన మేనమామ ఏదో ఆఫీసు పెద్దమనిషిని ఇంటి దగ్గరే కలవాలని వెళ్లిపోయాడు. పిల్లలు వీధిలో గోలీలాట. ఇంట్లో ఆవిడా నేనూ మిగిలాం. ఒకరినొకరం చూసుకుంటూ నవ్వుకుంటున్నాం. ఇంకేం చేస్తాం?

కాసేపటికి ఆవిడ నెమ్మదిగా, “ఏర్” అంది.

నమ్మండి, మూడేళ్ల కిందట నేనే నవ్విన మాట నాకే తట్టలేదు. స్నానానికేమోనని స్నానాలగది చూపించాను. తల అడ్డంగా ఊపింది. పిల్లవాణ్ణి కేకేశాను. వాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి మళ్లీ అదే మాట అంది. వాడు తల్లిని చూడలేదు. నా మొహం చూశాడు, వెనకాల నిలబడ్డ మావాణ్ణి చూశాడు. తర్వాత నేలచూపులు చూస్తూ, “నీళ్లు అడుగుతోందండీ” అన్నాడు. ఆవిడ వాడితో ఏదో అంది. వాడు తెలుగులో జవాబిచ్చాడు. ఎంత చక్కటి తెలుగనీ! ఒక్క తప్పు లేదు. ఆవిడకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

సొంత మాట మరిచిపోయాడేమో అనుకుంటే నాకు కొంత సులువుగా ఉండేది. కానీ మరిచిపోయినవాడు ఆలోచిస్తాడు. వీడు ఆలోచించలేదు, నా మొహం చూశాడు.

ఆవిడ చెంబెడు నీళ్లూ గటగటా తాగి, చెంబు నా చేతికిచ్చి, కొడుకు తల నిమిరింది. నేను వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. ఆ పూట కూరలో ఉల్లిపాయలతో పని లేదు.

ఆ గోండుల నాడులోనే మార్లవాయి అని ఒక ఊరుంది. 1943లో హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త చొరవతో అక్కడ గోండు ఉపాధ్యాయులకి శిక్షణ మొదలుపెట్టి, పిల్లలకి గోండీలోనే, నాగరి లిపిలో వాచకాలు అచ్చు వేయించారట. అప్పుడూ నిజాం రాజ్యమే. అంటే జాగీర్దార్ల పిల్లలకి ఈటన్ లాంటి బడి పెట్టిన రాజ్యంలోనే, గోండు పిల్లలకి వాళ్ల మాటతో అక్షరాలు దిద్దించిన బడీ ఉండేదన్నమాట. చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను ఈ సంగతి. ముందే తెలిసి ఉంటే నవ్వేదాన్ని కాదని మాత్రం చెప్పలేను.

పిల్లవాణ్ణి ఆ రాత్రికి ఇంట్లోనే ఉంచుకోవడానికి సెలవడిగి తెచ్చారు మావారు. తల్లీకొడుకులకి ముందు గదిలో పక్క వేశాను. అర్ధరాత్రి మెలకువ వచ్చింది. ముందు గదిలోంచి గుసగుసలు. మొదట ఆవిడ గొంతు, ఆ తర్వాత వాడిది. వాడు ఆపకుండా ఏదో చెబుతున్నాడు. మధ్యమధ్య కిసుక్కున నవ్వుతున్నాడు, తల్లి నవ్వితే “ష్” అంటున్నాడు. మా ఇంట్లో అడిగినదానికి “ఊఁ”, “అలాగేనండీ” తప్ప మాట్లాడనివాడు! వాడింత వాగుడుకాయ అని నాకు మూడేళ్లుగా తెలియనే తెలియదు. చీకట్లో అలాగే మంచం మీద కూర్చుండిపోయాను.

తర్వాతి సెలవు ఆదివారం వాడు ఎప్పటిలాగే వచ్చాడు. ఆటలాడి, చెమటలు కక్కుతూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వాడు నోరు తెరిచేలోగా నేనే గ్లాసు పట్టుకుని, “ఏర్ కావాలా?” అన్నాను.

వాడు బిత్తరపోయాడు. మళ్లీ వేళాకోళమేమోనని నా మొహంలోకి చూశాడు. నేను నవ్వలేదు. అప్పుడు నవ్వాడు వాడు. “అలా కాదండీ” అని, తనే ఒకసారి పలికి చూపించాడు. నేను అన్నాను. ఊహూఁ అని తలూపాడు. మళ్లీ అనమన్నాడు.