వెనుక బల్లమీది బాలుడు

వార్షిక సంచికకు ఏమైన వ్రాయుడని సంపాదకవర్గమువారు అడిగినప్పుడు, ప్రతియేటివలెనే వ్యాకరణమునుగూర్చియో గ్రంథాలయమునుగూర్చియో వ్రాయుదమని కూర్చుంటిమి. కాని కాగితములకై బల్లసొరుగు లాగగా ఒక పాత ఉక్తలేఖనపు పుస్తకము కనబడెను. దానిలో మేము ఎఱ్ఱసిరాతో చేసిన దిద్దుబాట్లను చూచిన పిమ్మట వ్యాకరణముపై మనసు పోలేదు.

ఆ పుస్తకము గల బాలుడు 2017వ సంవత్సరమున ఆఱవ తరగతిలో చేరెను. వెనుక బల్లపై కూర్చుండెడివాడు. నోరు కొంచెము తెఱచుకొని, కనుఱెప్పలు బరువుగా వాల్చి, ఎల్లప్పుడు నిద్రనుండి లేచినవానివలె నుండెడివాడు. ప్రశ్న వేసిన యెడల ప్రక్కవాని ముఖము చూచెడివాడు. ఆ ప్రక్కవాడు తన పుస్తకమును మెల్లగా వీనివైపు జరిపెడివాడు. 'హితము' అని చెప్పిన 'ఇతము' అనియు, 'సహజము' అని చెప్పిన 'సాజము' అనియు వ్రాసెడివాడు. అది పల్లెటూరి ఉచ్చారణమనియు, ఆ చూపు నిర్లక్ష్యమనియు, పుస్తకము జరుపుట దొంగతనమనియు మేము నిశ్చయించుకొంటిమి. గొంతు పెంచితిమి. బల్లపై నిలువబెట్టితిమి. ఒకనాడు సగము పూట వసారాలో నిలిపితిమి. ఆ దినమున వాడు చేసిన తప్పేమని ఎవరైన అడిగినచో ఇప్పుడు చెప్పజాలము.

సామాన్యశాస్త్రము బోధించు మా తోడి ఉపాధ్యాయుడొకరు ఏదో పనికై వచ్చి, గుమ్మములో నిలిచి కొంతసేపు మా పాఠము చూచిరి. సాయంకాలము మమ్ము ప్రక్కకు పిలిచి, "మీరు పిల్లలవైపు తిరిగి చెప్పినంతసేపు వాడు వ్రాయుచున్నాడు. నల్లబల్లవైపు తిరుగగానే కలము ఆపుచున్నాడు. వాడు మీ మాట వినుట లేదండీ, మీ పెదవులు చూచుచున్నాడు" అనిరి. ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు.

తల్లిదండ్రులు పనికై హైదరాబాదు పోయియుండుటచే వాని నాయనమ్మకు కబురు పంపితిమి. ఆమె ఒప్పుకొనలేదు. "మావాడికి చెవుడేందయ్యా? కేకేస్తే పలుకుతాడుగా!" అనెను. కేకవేసిన పలుకుట నిజమే. కేకవేయని మాటల సంగతి ఆమెయు చూడలేదు, మేమును చూడలేదు. చెవిపోటు వచ్చినప్పుడెల్ల వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసెడిదట. ఇంట మనుమడు గుఱ్ఱుపెట్టి నిదురించునని కూడ, ముచ్చటగానే చెప్పెను.

గుంటూరిలో ఒక చెవి ముక్కు గొంతు వైద్యుని యొద్దకు వారి నిద్దఱిని తోడ్కొని పోతిమి. అచ్చట వేచియున్నవారిని చూచిన ఈ వైద్యశాఖ యెంత విశాలమైనదో తెలియును. గొంతులో చేపముల్లు గ్రుచ్చుకొన్న వాడొకడు. ముక్కునుండి నెత్తురు కాఱుచున్న యిల్లాలొకతె. చప్పుడునకు తల త్రిప్పుట లేదని తెచ్చిన పసిబిడ్డ. లేచి నిలుచున్నంతనే లోకము గిఱ్ఱున తిరుగుచున్నదను ముసలివారు. కండ్లు తిరుగుటకు చెవి వైద్యుడేల యని సందేహింపవలదు. మన శరీరమును తూకము తప్పకుండ నిలుపు అవయవము లోపలి చెవిలోనే కలదు. దానినిగూర్చి పరిశోధించిన రాబర్ట్ బారనీకి 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

మావానిని వైద్యుడు మొదట చెవి చూడలేదు. నోరు మూయించి ముక్కుతో శ్వాసింపుమనిరి. వాడు కొంతసేపటికే నోరు తెఱచెను. చల్లని లోహపు పలకను ముక్కు క్రింద పట్టగా దానిపై ఆవిరి మిక్కిలి స్వల్పముగా పట్టెను. తరువాత దీపపు గొట్టముతో చెవిలోనికి చూచి, మమ్మును చూడుమనిరి. ముత్యపు రంగున నిగనిగలాడవలసిన కర్ణభేరి మసకబాఱి పసుపువన్నెలో నుండెను. క్షణమునకు 512 మాఱులు కంపించు శ్రుతిదండమును మ్రోగించి చెవియెదుట పట్టిరి. పిదప దాని కాడను చెవి వెనుక ఎముకకు ఆనించిరి. ఎముకపై నున్నప్పుడే బిగ్గఱగా వినబడుచున్నదని బాలుడు చెప్పెను. 1855లో రిన్నె అను జర్మను వైద్యుడు ప్రకటించిన ఈ సులభపరీక్షవలన లోపలి నరము బాగుగనే యున్నదనియు, ధ్వని పోవు దారిలోనే అడ్డు కలదనియు తెలిసెను. యంత్రముతో కొలువగా రెండు చెవులకును 35 డెసిబెళ్ల లోపము తేలెను. గుసగుసమాట 30 డెసిబెళ్లకు దగ్గఱ నుండును. ఎదుటివాని మాటయే సన్నగిల్లి చేరు చెవులవానిని మేము వెనుక బల్లపై కూర్చుండబెట్టితిమి.

అడ్డు ఏమనగా: కర్ణభేరికి వెనుక గాలి నిండిన చిన్న గది యొకటి కలదు. అందు కూటకము, దాగలి, అంకవన్నె యను మూడు చిన్నయెముకలు భేరి కంపములను లోపలికి అందించును. ఆ గదికి గాలి ముక్కు వెనుకనుండి యూస్టేషియన్ నాళము గుండ వచ్చును. మనము గుటక వేసినప్పుడెల్ల అది తెఱచుకొనును. ఈ బాలునికి ముక్కు వెనుక అడినాయిడు అను మెత్తని కండ పెరిగి శ్వాసను అడ్డగించుటయే గాక ఆ నాళముల పనిని కూడ చెఱచెను. గాలి చేరని గదిలో నీరు ఊరి, బంకవలె చిక్కబడెను. ఆ బంకలో ఎముకలు కదలవలెను. గుఱ్ఱు, నోరు తెఱచుట, పగటి మగత, చెవుడు, అన్నియు ఒక్కచోటనుండి పుట్టినవే. దోషము చెవిలో, కారణము ముక్కు వెనుక, దానిని తీయు మార్గము నోటిలోనుండి! ఈ మూడింటికి ఒక్క వైద్యుడేల యని మేము మఱి అడుగలేదు.

మా బొంగురుగొంతు విని వైద్యుడు మమ్ము కూడ కూర్చుండుమనిరి. సన్నని దర్శినిని ముక్కుగుండ దింపి చూడగా స్వరతంత్రులపై ఎదురెదురుగా రెండు చిన్న గడ్డలు కనబడెను. ఏండ్లతరబడి కేకలు వేయువారికి, ముఖ్యముగా ఉపాధ్యాయులకును గాయకులకును, ఇవి కలుగునట. సజీవుడైన మనుష్యుని స్వరతంత్రులు పాడునప్పుడెట్లు కదలునో అద్దముతో పరిశీలించి 1855లో లోకమునకు తెలిపినవాడు వైద్యుడు కాడు. మాన్యుయెల్ గార్సియా యను సంగీతోపాధ్యాయుడు. 1854లో ఆయన సూర్యకాంతిలో తన గొంతునే చూచుకొనెను. మా గొంతునకు కత్తి అక్కఱలేదనియు, కేకలు మాని, చెప్పిన స్వరాభ్యాసములు చేసిన చాలుననియు వైద్యుడు సెలవిచ్చిరి. ఎవ్వరిపై కేకలు వేసితిమో ఆయన అడుగలేదు. బాలుడు మా ప్రక్కనే యుండెను.

తల్లిదండ్రులు వచ్చిన తరువాత మత్తుమందిచ్చి అడినాయిడు తీసివేసిరి. రెండు కర్ణభేరులకును చిన్న గాటు పెట్టి, బంకను పీల్చి, గ్రామెట్ అను గొట్టమును అమర్చిరి. అది ఆవగింజకంటె కొంచెము పెద్దది. గాలి లోనికి పోవుటకు కిటికీవంటిది. 1954లో ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా వైద్యుడు ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. మఱునాడు చూడబోగా బాలుడు మంచముపై పండుకొని మీదికి చూచుచుండెను.

"మాస్టారూ, ఫ్యాను ఎప్పుడూ ఇట్టాగే మోగుద్దాండీ?" అనెను.

మేము తల ఊపితిమి. మాటాడవలదను వైద్యుని ఆజ్ఞ ఆ దినమున మాకు మిక్కిలి అక్కఱకు వచ్చెను.

వానిని ముందు బల్లకు మార్చితిమి. తొమ్మిది నెలలకు ఒక గొట్టము దానంతట అదియే రాలెను, మఱి కొన్ని వారములకు రెండవదియు రాలెను, భేరులు మూసికొనెను, వినికిడి నిలిచెను. ఏడవ తరగతిలో వాడు వచ్చి, వెనుక బల్లకు పోదునా యని అడిగెను. పుస్తకము జరిపిన ఆ మిత్రుడు అచ్చటనే యుండెను. పొమ్మంటిమి.

ఆ వారపు ఉక్తలేఖనములో 'సహజము' తప్పులేకుండ వ్రాసెను. 'హితము' మాత్రము ఇంకను 'ఇతము' అనియే వ్రాసెను. అది నిజముగనే పల్లెటూరి ఉచ్చారణము.